‘ప్రిఫర్’ పక్కన ‘దన్’ ఎందుకు నిలవదు? ఇంగ్లీషులో ఇష్టాలూ పోలికలూ

డీఎస్సీ కావచ్చు, బ్యాంకు పరీక్ష కావచ్చు, ఎస్సెస్సీ కావచ్చు. పరీక్ష అయిన సాయంత్రం శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో పాలకొండ బస్సు కోసమో, విజయనగరం కాంప్లెక్స్‌లో బొబ్బిలి బస్సు కోసమో నిలబడ్డ పిల్లల మాటలు వినండి. లెక్కల గురించి వాదన తొందరగా తేలిపోతుంది. ఇంగ్లీషు బిట్ల దగ్గరికి వచ్చేసరికి తేలదు. “షి ప్రిఫర్స్ టీ డ్యాష్ కాఫీ” అని ఇచ్చి, కింద దన్, టు, ఓవర్, ఫ్రమ్ అని నాలుగు ఆప్షన్లు పెడితే ఒకరు దన్ అంటారు, ఒకరు టు అంటారు, ఇంకొకరు “ఇంగ్లీషు సినిమాల్లో ఓవర్ అనే వింటున్నాం కదా” అంటారు. కీ వచ్చేదాకా అందరికీ టెన్షనే. వచ్చాక కూడా జవాబు తెలుస్తుంది కానీ, అదే ఎందుకు జవాబైందో తెలియదు.

ఆ ‘ఎందుకు’ చెప్పడానికే ఈ వ్యాసం. ఈ తప్పులు తెలివి తక్కువై చేసేవి కావని, తెలుగు మనకి నేర్పిన పద్ధతిని ఇంగ్లీషులో పెట్టబోయి చేసేవని నేను గట్టిగా నమ్ముతాను. తెలుగు ఎలా పోలుస్తుందో ఒకసారి గమనిస్తే ఇంగ్లీషు నియమాల్లో సగం బట్టీ పట్టక్కర్లేదు.

‘కంటే’ ఒక్కటే చేసే పని

“మా తమ్ముడు నాకంటే పొడుగు.” ఈ వాక్యంలో పోలిక మొత్తం ‘కంటే’ మీదే నడుస్తోంది. ‘పొడుగు’ అన్న మాట ఏమీ మారలేదు. “మా తమ్ముడు పొడుగు” అన్నా అదే మాట, “నాకంటే పొడుగు” అన్నా అదే మాట. ‘కంటే’ బదులు ‘కన్నా’ పెట్టుకున్నా తేడా లేదు.

ఇంగ్లీషు ఈ పనిని రెండు చోట్ల చేయిస్తుంది. గుణం చెప్పే మాట మారాలి: టాల్ కాస్తా టాలర్ కావాలి. ఆ తర్వాత దేనితో పోలుస్తున్నామో చూపించే మాట, అంటే దన్, రావాలి. “మై బ్రదర్ ఈజ్ టాలర్ దన్ మీ.” పదో తరగతి పిల్లలు “టాల్ దన్ మీ” అని రాస్తున్నారంటే, ‘కంటే’కి దన్ పెట్టేశాం కాబట్టి పని అయిపోయిందని వాళ్లు అనుకున్నట్టు. తెలుగు లెక్కన అయిపోయింది కూడా.

గుణం చెప్పే మాటని మార్చే తీరు కూడా రెండు రకాలు. టాల్, స్మాల్, చీప్ లాంటి పొట్టి మాటలకి చివర ‘ఎర్’ చేరుతుంది. బ్యూటిఫుల్, ఎక్స్‌పెన్సివ్ లాంటి పొడుగు మాటలకి ముందు ‘మోర్’ వస్తుంది. ఈజీ, హ్యాపీ లాంటివి ఈజియర్, హ్యాపియర్ అవుతాయి. గుడ్‌కి బెటర్, బ్యాడ్‌కి వర్స్ అని దారి తప్పిన కొన్ని మాటలు ఉన్నాయి, అవి వాడగా వాడగా అలవాటవుతాయి. అసలు పట్టుకోవాల్సింది ఒక్కటి. మాటలో ఎక్కడో ఒకచోట ‘ఎర్’ గానీ, ‘మోర్’ గానీ, ‘లెస్’ గానీ ఉంటే ఆ వెనక దన్ వస్తుంది. అది లేనిచోట దన్‌కి సాధారణంగా చోటు లేదు.

ఇప్పుడు ‘ప్రిఫర్’ వైపు చూడండి. అందులో మోర్ లేదు. చివర ‘ఫర్’ అని వినబడుతుంది గానీ అది పోలిక చెప్పే ‘ఎర్’ కాదు, మూల పదంలోని భాగం. కాబట్టి దన్‌ని పిలిచే మాట ఆ వాక్యంలో లేనే లేదు.

‘ప్రిఫర్’ లాటిన్ నుంచి వచ్చింది కనుక

ఈ క్రియ ఇంగ్లీషుది కాదు. లాటిన్‌లో ‘ప్రే’ అంటే ముందు, ‘ఫెర్రె’ అంటే మోయడం, తీసుకురావడం. రెండూ కలిస్తే ఒకదాన్ని మరొకదానికి ముందు పెట్టడం. “ఐ ప్రిఫర్ టీ టు కాఫీ” అన్నప్పుడు, లోపల ఉన్న అర్థం “కాఫీకి ముందు టీని పెడతాను” అని. ఆ ‘కి’ ఏ పని చేస్తోందో ‘టు’ అదే పని చేస్తోంది. తెలుగువాళ్లకి ఇంతకంటే తేలికగా గుర్తుండే దారి నాకు కనబడలేదు. “కాఫీ కంటే టీ ఇష్టం” అన్న వాక్యాన్ని అనువదించబోతే దన్ నోటికొస్తుంది. “కాఫీకి ముందు టీ” అని మనసులో అనుకుంటే టు దానంతట అదే వస్తుంది.

సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్, ప్రయర్ కూడా ఈ కుటుంబంలోవే. ఇవి లాటిన్‌లోనే పోలిక రూపాలు. సీనియర్ అంటేనే ‘ఎక్కువ వయసున్నవాడు’. ఇంగ్లీషు వీటిని తయారుగా తెచ్చుకుని, వీటి వెనక దన్ పెట్టకుండా టు పెట్టుకుంది. మన ఆఫీసుల్లో రోజూ వినబడే “హి ఈజ్ టూ ఇయర్స్ సీనియర్ దన్ మీ” అన్న వాక్యం అందుకే తప్పవుతుంది. “హి ఈజ్ సీనియర్ టు మీ బై టూ ఇయర్స్” అనాలి. లోపల పోలిక ముందే ఉంది కనుక “మోర్ సుపీరియర్” కూడా కుదరదు, “ఐ ప్రిఫర్ మోర్” కూడా కుదరదు. ముందు పెట్టడంలోనే ‘ఎక్కువ’ ఉంది.

ఇంతవరకూ వస్తువుకీ వస్తువుకీ మధ్య ఇష్టం. పనికీ పనికీ మధ్య అయితే రెండు దారులున్నాయి. మొదటిది, రెండు పనులనీ ‘ఇంగ్’ రూపంలోకి తెచ్చి మధ్యలో టు పెట్టడం: “ఐ ప్రిఫర్ వాకింగ్ టు టేకింగ్ ఎన్ ఆటో.” ఆటో ఎక్కడం కంటే నడవడమే నాకిష్టం. రెండోది, “ఐ ప్రిఫర్ టు వాక్ రాదర్ దన్ టేక్ ఎన్ ఆటో.”

ఈ రెండో వాక్యంలో దన్ కనబడగానే చాలామంది గందరగోళ పడతారు. ఇందాక వద్దన్నది ఇక్కడికెలా వచ్చింది? కారణం వాక్యంలోనే ఉంది. ‘టు వాక్’ అని మొదలుపెట్టాం. పాత పద్ధతిలో పోతే “టు వాక్ టు టు టేక్” అనాల్సి వస్తుంది. రెండు టులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, వాక్యం నోట పలకదు. అందుకని పోలిక పనిని ‘రాదర్’ అన్న వేరే మాటకి అప్పజెప్పారు. రాదర్‌లో ‘ఎర్’ ఉంది కాబట్టి దాని వెనక దన్ వచ్చింది. ఆ దన్ ప్రిఫర్‌ది కాదు, రాదర్‌ది. ప్రిఫర్‌కి దన్ సొంతం కాదన్న మాట ఇక్కడా నిలబడింది.

‘ప్రిఫర్’కీ ‘వుడ్ ప్రిఫర్’కీ తేడా ఒక ఇంటర్వ్యూ ప్రశ్నతో తేలిపోతుంది. “శ్రీకాకుళంలో పోస్టింగ్ కావాలా, విజయనగరంలోనా?” అని అడిగారనుకోండి. “ఐ వుడ్ ప్రిఫర్ టు వర్క్ ఇన్ విజయనగరం” అనాలి. ఇది ఈ ఒక్క సందర్భానికి చెప్పే ఎంపిక. “ఐ ప్రిఫర్ స్మాల్ టౌన్స్” అంటే ఎప్పుడూ ఉండే ఇష్టం.

‘రాదర్’ ఒకప్పుడు ‘ఇంకా ముందు’

రాదర్ కథ ఇంకా బాగుంటుంది. పాత ఇంగ్లీషులో ‘త్వరగా, తొందరగా’ అనే అర్థంలో ఒక మాట ఉండేది. దానికి ‘ఎర్’ చేరిన రూపమే రాదర్. మూల పదం వాడుకలోంచి పోయి, పోలిక రూపం ఒక్కటే మిగిలింది. “ఐ వుడ్ రాదర్ స్టే దన్ గో” అంటే, “పోవడం కంటే ముందు ఉండిపోవడానికే ఒప్పుకుంటాను” అని. ఇష్టాన్ని ‘ముందు’ అన్న ఊహతో చెప్పడం లాటిన్‌లోనూ ఉంది, ఇంగ్లీషులోనూ ఉంది. ఒకటి ‘టు’ని పట్టుకుంది, ఒకటి ‘దన్’ని పట్టుకుంది, అంతే తేడా.

వుడ్ రాదర్ వెనక క్రియ ఒట్టిగా రావాలి. “ఐ వుడ్ రాదర్ టు గో” కాదు, “గోయింగ్” కాదు. “ఐ వుడ్ రాదర్ గో.” దన్ తర్వాత కూడా అంతే, ఒట్టి క్రియే.

అసలు చిక్కు మనిషి మారినప్పుడు. ఇష్టం నాది, పని ఇంకొకరిది అయితే “ఐ వుడ్ రాదర్ యు కేమ్ టుమారో” అంటారు. రేపటి సంగతికి ‘కేమ్’ అనే భూతకాలం ఏమిటని క్లాసులో ఎప్పుడు చెప్పినా ఎవరో ఒకరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి సమాధానం తెలుగులోనే దొరుకుతుంది. “నువ్వు రేపు వస్తే బాగుండేది” అంటాం కదా. ‘బాగుండేది’ జరిగిపోయిన కాలం రూపం. కానీ మాట్లాడుతున్నది రేపటి గురించే. జరుగుతుందో లేదో తెలియని కోరికని ఒక అడుగు వెనక్కి జరిపి, కాస్త మెత్తగా చెప్పడానికి మనం కూడా పాత కాలాన్నే వాడుకుంటున్నాం. ఇంగ్లీషూ సరిగ్గా అదే చేస్తోంది. ఈ వాక్యంలో “యు కమ్” అని అనేవాళ్లూ ఉన్నారు గానీ, పరీక్షలో అడిగేది ‘కేమ్’ రూపాన్నే.

‘హ్యాడ్ బెటర్’ని కూడా ఈ వరసలో కలిపి చెప్తుంటారు. బెటర్ పోలిక మాటే అయినా “యు హ్యాడ్ బెటర్ గో” ఇష్టం కాదు, “నువ్వు వెళ్లడం మంచిది, లేకపోతే ఇబ్బంది పడతావ్” అనే హెచ్చరికతో కూడిన సలహా. దాన్ని వేరే పెట్టుకుంటేనే మేలు.

‘ఇంకా’, ‘చాలా’, ‘అందరికంటే’: నోటికొచ్చే అనువాదాలు

“మోర్ బెటర్”, “మోర్ టాలర్” అనే తప్పులు ఎక్కడినుంచి వస్తున్నాయి? ‘ఇంకా బాగుంది’, ‘ఇంకా పొడుగు’ నుంచి. ‘ఇంకా’కి మోర్ అని నిఘంటువులో చూసుకుని, బాగుకి బెటర్ పెట్టేసరికి పోలిక రెండుసార్లు పడింది. బెటర్ ఉన్నచోట ‘ఇంకా’ని ‘ఈవెన్’ అని గానీ ‘స్టిల్’ అని గానీ చెప్పాలి: “దిస్ ఈజ్ గుడ్, బట్ దట్ ఈజ్ ఈవెన్ బెటర్.” అలాగే ‘చాలా నయం’ అన్నప్పుడు “వెరీ బెటర్” వస్తుంది. పోలిక రూపానికి వెరీ చెల్లదు, ‘మచ్ బెటర్’, ‘ఫార్ బెటర్’ అనాలి. వెరీ మామూలు రూపానికే: “వెరీ గుడ్.”

షేక్‌స్పియర్ కాలంలో ఇలా రెండుసార్లు పోలిక పెట్టడం తప్పు కాదు. ఆయన నాటకాల్లోనే అలాంటివి దొరుకుతాయి. తర్వాతి వ్యాకరణకర్తలు దాన్ని పక్కకి నెట్టేశారు. ఇవాళ చదువుకున్న ఇంగ్లీషులో ఎక్కడా ఒప్పుకోరు కాబట్టి ఈ విషయంలో రెండు పక్షాలు లేవు.

‘అందరికంటే పొడుగు’ అన్నది ఇంకో వల. తెలుగులో సూపర్లేటివ్ అంటూ, అంటే ‘అందరికంటే ఎక్కువ’ అని చెప్పే రూపం అంటూ, వేరే లేదు. పోలిక పరిధిని అందరి మీదికీ చాపితే సరిపోతుంది. ఇంగ్లీషులో దానికి విడిగా ‘ద టాలెస్ట్’ ఉంది. దాన్ని కంపారటివ్‌లోకి, అంటే ‘టాలర్’ రూపంలోకి, మార్చమని పదో తరగతి పరీక్షలో అడుగుతారు. అక్కడ “రవి ఈజ్ టాలర్ దన్ ఎనీ బాయ్ ఇన్ ద క్లాస్” అని రాస్తే మార్కు పోతుంది. రవి కూడా ఆ క్లాసులో అబ్బాయే. తనకంటే తానే పొడుగు ఎలా అవుతాడు? “ఎనీ అదర్ బాయ్” అనాలి. తెలుగులో జాగ్రత్తగా మాట్లాడేవాళ్లు “మిగతా అందరికంటే” అంటారు చూడండి, ఆ ‘మిగతా’యే ‘అదర్’.

“వన్ ఆఫ్ ద బెస్ట్ స్టూడెంట్” కూడా ఇలాగే నోరు జారే మాట. “మంచి విద్యార్థుల్లో ఒకరు” అని తెలుగులో బహువచనం పెడుతూనే, ఇంగ్లీషులో ‘వన్’ కనబడగానే ఏకవచనం రాసేస్తాం. ‘వన్’ లెక్కపెట్టేది గుంపులోంచి కాబట్టి గుంపు బహువచనంలోనే ఉండాలి: “వన్ ఆఫ్ ద బెస్ట్ స్టూడెంట్స్.”

ఊరినీ వాతావరణాన్నీ పోల్చకూడదు

“విజయనగరం వాతావరణం విజయవాడ కంటే నయం.” మనకి ఇందులో ఏ లోపమూ కనబడదు. వినేవాడు అర్థం చేసుకుంటాడు. దీన్ని యథాతథంగా “ద క్లైమేట్ ఆఫ్ విజయనగరం ఈజ్ బెటర్ దన్ విజయవాడ” అని రాస్తే, పరీక్ష దిద్దేవాళ్లు ఒక పక్క వాతావరణం, ఇంకో పక్క ఊరు ఉన్నాయని పట్టుకుంటారు. ఒకే జాతి వస్తువులనే పోల్చాలి. “బెటర్ దన్ దట్ ఆఫ్ విజయవాడ” అంటే సరిపోతుంది. ‘దట్’ అంటే ఇక్కడ ‘వాతావరణం’ అని. బహువచనమైతే ‘దోజ్’ వస్తుంది: “ద కాష్యూ ప్రైసెస్ ఇన్ పలాస ఆర్ లోయర్ దన్ దోజ్ ఇన్ వైజాగ్.”

మాట్లాడేటప్పుడు ఇంగ్లీషువాళ్లు కూడా ఈ ‘దట్ ఆఫ్’ని తరచూ వదిలేస్తారు. కానీ బ్యాంకు పరీక్షల్లో తప్పు గుర్తించమని ఇచ్చే వాక్యాల్లో ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. తప్పు ఏ ఒక్క మాటలోనూ లేకుండా, రాయని మాటలో ఉంటుంది కనుక దొరకడం కష్టం.

నాగావళి, వంశధార పొడవు ఎంత?

రెండు నదులూ ఒడిశా కొండల్లో పుట్టినవే. నాగావళి శ్రీకాకుళం పట్టణం మధ్యనుంచి పోయి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. వంశధార కళింగపట్నం దగ్గర కలుస్తుంది. నాగావళి పొడవు సుమారు 256 కిలోమీటర్లు, వంశధారది సుమారు 254. పోలికల రూపాలన్నీ చెప్పడానికి ఇంతకంటే దగ్గరి జంట మన జిల్లాలో లేదు.

“ద నాగావళి ఈజ్ లాంగర్ దన్ ద వంశధార.” ఇది నిజమే, కానీ రెండు కిలోమీటర్ల తేడాకి ‘లాంగర్’ అని ఊరుకుంటే వినేవాడు పెద్ద తేడా ఊహించుకోవచ్చు. “స్లైట్లీ లాంగర్” అంటే న్యాయం. తెలుగులో ‘అంత’ అని చెప్పేదానికి ఇంగ్లీషులో ‘యాజ్ యాజ్’ జత ఉంది: “ద వంశధార ఈజ్ ఆల్మోస్ట్ యాజ్ లాంగ్ యాజ్ ద నాగావళి.” వంశధార దాదాపు నాగావళి అంత పొడవు. యాజ్‌ల మధ్య మాట మామూలు రూపంలోనే ఉండాలి. “యాజ్ లాంగర్ యాజ్” అనకూడదు.

ఇప్పుడు మొదటి వాక్యాన్ని పాజిటివ్ డిగ్రీలోకి, అంటే మామూలు రూపంలోకి, మార్చమన్నారనుకోండి. చాలామంది “ద నాగావళి ఈజ్ నాట్ యాజ్ లాంగ్ యాజ్ ద వంశధార” అని రాసేస్తారు. అర్థం తలకిందులైపోయింది. ‘నాట్’ పెట్టినప్పుడు పేర్లు అటుదిటు ఇటుదటు కావాలి: “ద వంశధార ఈజ్ నాట్ యాజ్ లాంగ్ యాజ్ ద నాగావళి.” ‘నాట్ సో లాంగ్ యాజ్’ అన్నా సరే. నియమం గుర్తుకు రాకపోతే, రాసిన వాక్యాన్ని తెలుగులో ఒకసారి చెప్పుకుంటే చాలు. “నాగావళి వంశధార అంత పొడవు కాదు” అని వినగానే తప్పు చెవికి తగులుతుంది.

ఎన్ని రెట్లో చెప్పేటప్పుడు ‘యాజ్ యాజ్’ ఇంకా అవసరం. కిలో వంద రూపాయల సరుకు ఉంది. “రెండు రెట్లు ఎక్కువ” అంటే రెండు వందలా, మూడు వందలా? తెలుగులోనే మనకి ఈ తగాదా ఉంది. ఇంగ్లీషులో “టూ టైమ్స్ మోర్ దన్” అన్నా అదే తగాదా. ఎక్కువమంది రెండు వందలనే అర్థం చేసుకుంటారు. మాటకి మాట లెక్కగట్టేవాళ్లు వందకి అదనంగా రెండు వందలు కదా అంటారు. “ట్వైస్ యాజ్ మచ్ యాజ్” అంటే రెండు వందలే, ఇక వాదన లేదు.

‘ఓవర్’, ‘దన్ మీ’: పుస్తకం ఒక వైపు, వాడుక ఒక వైపు

మళ్లీ ఆ నాలుగు ఆప్షన్ల దగ్గరికి వద్దాం. దన్ ఎందుకు కాదో తేలింది. ఫ్రమ్‌కి ఆధారం లేదు. మిగిలినవి టు, ఓవర్. “ఐ ప్రిఫర్ టీ ఓవర్ కాఫీ” తప్పా?

ఒక పక్షం తప్పే అంటుంది. మన ఇళ్లలో తరాలుగా తిరుగుతున్న గ్రామర్ పుస్తకాలు టు ఒక్కటే చెప్తాయి. పరీక్షల పుస్తకాలు వాటినే అనుసరిస్తాయి. నియమం ఒకటే ఉంటే నేర్చుకునేవాడికి సుఖం, దిద్దేవాడికి న్యాయం. రెండో పక్షం, ముఖ్యంగా అమెరికా వాడుక, ఓవర్‌ని ఎప్పుడో ఒప్పుకుంది. ‘చూజ్ ఓవర్’, ‘ఫేవర్ ఓవర్’ అన్నట్టే ‘ప్రిఫర్ ఓవర్’. చదువుకున్నవాళ్లు రాతలోనూ వాడుతున్నప్పుడు తప్పనడం దేనికని వాళ్ల ప్రశ్న.

ఈ తగాదా మన గడ్డకి కొత్త కాదు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడింది ఈ ప్రశ్న మీదే. శిష్టులు మాట్లాడే భాష రాతకి పనికిరాదా, పాత గ్రంథాల్లో ఉన్నదే భాషా? విజయనగరంలో గురజాడ అప్పారావు కూడా ఆయన పక్షాన నిలబడ్డారు. ఇవాళ మీరు ఈ వ్యాసంలో చదువుతున్న తెలుగు, ఆ ఇద్దరూ గెలిపించిన తెలుగే. అందుకే నా మొగ్గు వాడుక వైపు. ‘ప్రిఫర్ ఓవర్’ అన్నవాడిని నేను దిద్దను. అయితే ఆప్షన్లలో టు, ఓవర్ రెండూ ఇచ్చిన పరీక్షలో గుర్తు పెట్టాల్సింది టు దగ్గరే, ఎందుకంటే ఆ ప్రశ్న అడుగుతున్నది వాడుకని కాదు, పుస్తకాన్ని. ‘ప్రిఫర్ దన్’ సంగతి వేరు. దాన్ని ఏ పక్షమూ ఒప్పుకోలేదు.

‘డిఫరెంట్’ కూడా ఇలాంటిదే. ఫ్రమ్ అందరికీ సమ్మతం. బ్రిటన్‌లో టు, అమెరికాలో దన్ కూడా వినబడతాయి.

ఇక “టాలర్ దన్ ఐ”, “టాలర్ దన్ మీ”. 1762లో రాబర్ట్ లౌత్ అనే ఆయన రాసిన ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం దన్ రెండు వాక్యాలని కలిపే మాట. దాని వెనక ఒక క్రియ దాగి ఉంటుంది. “టాలర్ దన్ ఐ (యామ్)” అని పూర్తి చేసుకుంటే ‘ఐ’ రావాలి. అవతలి పక్షం, దన్ ఇక్కడ విభక్తిలా పనిచేస్తోంది, మన ‘కంటే’లాగే, కాబట్టి ‘మీ’యే సహజం అంటుంది. మాట్లాడే ఇంగ్లీషులో ‘దన్ మీ’ గెలిచింది. “దన్ ఐ” అని ఒంటరిగా వదిలేస్తే ఇవాళ కొంచెం బిగుసుకుపోయినట్టు వినబడుతుంది.

కానీ లౌత్ పట్టుకున్న విషయంలో పస ఉంది. “ఐ లైక్ రవి మోర్ దన్ సీత.” సీత మీదకంటే రవి మీద నాకు ఎక్కువ ఇష్టమా, సీత రవిని ఇష్టపడేదానికంటే ఎక్కువగా నేను ఇష్టపడుతున్నానా? ఇంగ్లీషు వాక్యం రెండింటికీ ఒకేలా ఉంది. తెలుగులో “నాకే” అని ఒక ‘ఏ’ చేర్చి, “సీతకంటే నాకే రవి ఎక్కువ ఇష్టం” అంటే రెండో అర్థం తేలిపోతుంది. ఇంగ్లీషుకి ఆ సౌకర్యం లేదు, దాచిన క్రియని బయటికి తేవాలి. మొదటి అర్థానికి “మోర్ దన్ ఐ లైక్ సీత”, రెండో అర్థానికి “మోర్ దన్ సీత డజ్”. తమ్ముడి విషయంలోనూ “టాలర్ దన్ ఐ యామ్” అని రాస్తే ‘ఐ’ పక్షానికీ ‘మీ’ పక్షానికీ కూడా అభ్యంతరం ఉండదు.